కరోనా పోయింది, ఒంటి నొప్పులు పోలేదు – మనం ఏం చేయాల?

(2021-22 వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్క, అప్పు లెక్క ఇప్పుడే విన్నారు. బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి ఎంత తీసుకున్నాం, వసూలు ఎంత అయింది అని చదివినారు. మేము చెప్పబోయే సంగతికి ఆ పుస్తకంలో గడి లేదు. కానీ ఆ లెక్కలన్నిటినీ మోసేది అదే. కంతు కట్టేది మన చేతులు, మన నడుము, మన మోకాళ్లు. ఈ రెండేండ్లలో అవి ఎందుకు మొరాయిస్తున్నాయో, వాటి కోసం మనం ఏం చేయాలో మాట్లాడుకుందాం.

నెల మీటింగుల్లో మేము విన్న మాటలు

2020 ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కేసులు వచ్చింది మన కర్నూలు జిల్లాకే. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. వీధులకు కట్టెలు అడ్డం కట్టినారు. సంతలు లేవు, కూలి లేదు. ఆ రోజుల్లోనే మన సంఘాల అక్కలు రాత్రింబగళ్లు మిషన్ల మీద కూర్చుని మాస్కులు కుట్టినారు. మనిషికి 3 మాస్కుల లెక్కన రాష్ట్రమంతా పంచాలని ప్రభుత్వం చెప్పినప్పుడు ఆ పని చేసింది పొదుపు సంఘాల ఆడవాళ్లే. తర్వాత 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చింది. అది మన కర్నూలు, కడప పల్లెల్లో ఎన్ని ఇండ్లను ముంచిందో మళ్లీ చెప్పనక్కర లేదు.

ఆ జ్వరం తగ్గినాక ఏం జరిగింది? ఊరూరా నెల మీటింగుకు పోయినప్పుడు మేము విన్న మాటలు ఇవి. "కూచుంటే లేయలేకున్నాక్కా, లేస్తే కూచోలేకున్నా." "బిందె చంకనెత్తుకుంటే భుజం పీకుతాంది." "కలుపు ఒక సాలు తీస్తే చాలు, మర్నాడంతా పానం ఉండదు." "తెల్లారి లేస్తే వేళ్లు ముడుచుకోవు, గంటసేపు పట్టేసినట్టుంటాయి." "జ్వరం పోయి ఆరు నెలలాయ, ఇంకా కాళ్లు లాగుతానే ఉండాయి."

ఈ మాటలకు ఇంట్లో వచ్చే జవాబు కూడా విన్నాం. "ఎప్పుడో పోయిన కరోనాకు ఇప్పుడు నొప్పులేంది? పని తప్పించుకోవడానికే." సంఘంలోనూ కొందరు ఇదే మాట అన్నారు. అందుకే ముందు ఒక మాట గట్టిగా చెప్తున్నాం. ఈ నొప్పి నిజం. సాకు కాదు, సోమరితనం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి ఒక నిర్వచనం కూడా ఇచ్చింది. కరోనా సోకి 3 నెలలు దాటినా ఉండి, కనీసం 2 నెలలు సాగి, ఇంకో జబ్బు వల్ల అని చెప్పలేని బాధలను 'కరోనా తర్వాతి స్థితి' అనాలని చెప్పింది. కరోనా వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరికి ఇట్లా ఉండొచ్చని ఆ సంస్థ అప్పట్లో అంచనా వేసింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎక్కువగా కనపడుతోంది. ఆస్పత్రిలో చేరకుండా ఇంట్లోనే తగ్గించుకున్నవాళ్లకు కూడా రావచ్చు.

నొప్పి ఎందుకు వస్తుంది?

పీహెచ్‌సీ డాక్టర్లను, నర్సమ్మలను, ఫిజియోథెరపీ చేసేవాళ్లను అడిగి తెలుసుకున్న దాన్ని మన మాటల్లో చెప్తున్నాం. కారణం ఒక్కటే కాదు, నాలుగు ఉన్నాయి. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి.

ఒకటి. వైరస్ ఒంట్లోకి వచ్చినప్పుడు దాన్ని చంపడానికి మన ఒళ్లే యుద్ధానికి దిగుతుంది. ఆ వేడికి కండలు, కీళ్లు నొస్తాయి. ఏ జ్వరంలోనైనా ఒళ్లు నొప్పులు అందుకే. చాలామందిలో వైరస్ పోగానే ఆ వేడి చల్లారుతుంది. కొందరిలో నెలల తరబడి చల్లారదు. అంటుకున్న వామిలో పైమంట ఆరినా లోపల నిప్పు ఉన్నట్టు అనుకోండి.

రెండు. మంచం పట్టడం. పది, పదిహేను దినాలు కదలకుండా పడుకుంటే తొడల కండ, పిక్కల కండ కరిగిపోతాయి. కండ కరిగితే మన బరువంతా మోకాలి మీద, నడుము మీద పడుతుంది. నెల రోజులు కొట్టంలో కట్టేసిన ఎద్దును తెచ్చి ఒక్కసారిగా మడక కడితే ఏమవుతుంది? మనం మన ఒంటికి అదే చేసినాం. జ్వరం తగ్గిన మూడో దినమే గడ్డిమోపు నెత్తికెత్తుకున్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు.

మూడు. మందుల ప్రభావం. స్టెరాయిడ్ల సంగతి వేరేగా చెప్తాం.

నాలుగు. ముందు నుంచే ఉన్న జబ్బు ఇప్పుడు బయట పడడం. రక్తం తక్కువ ఉండడం, షుగరు, థైరాయిడు, డి విటమిన్ తక్కువ కావడం, మోకాళ్ల అరుగుదల, కీళ్లవాతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో వందకు దాదాపు 59 మందికి రక్తహీనత ఉంది. రక్తమే లేని ఒంటికి కరోనా వచ్చి పోతే బలం యాడినుంచి వస్తుంది? అందుకే "కరోనా నొప్పులేలే" అని మనకు మనమే తేల్చుకోకూడదు. రక్తం, షుగరు, థైరాయిడు పరీక్ష చేయించుకుంటే సగం మందికి దారి అక్కడే దొరకవచ్చు.

చికున్ గున్యా నేర్పిన పాఠం

జ్వరం పోయినాక కీళ్లు నొచ్చడం మన సీమకు కొత్త కాదు. 2005 చివర్లో మొదలై 2006లో చికున్ గున్యా వచ్చింది గదా. కడప, అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల్లోనే అది ముందు కనపడింది. 2006లో దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయినాయి. ఆ జబ్బు పేరే ఆఫ్రికాలోని మకొండే భాష నుంచి వచ్చింది. నొప్పికి ఒంగిపోవడం అని దానికి అర్థం. మన ఊర్లలో గోడలు పట్టుకుని నడిచిన మనుషులను చూసినవాళ్లకు ఆ పేరు ఎందుకు పెట్టినారో చెప్పనక్కర లేదు.

రెండిటికీ తేడా ఉంది. చికున్ గున్యా దోమకాటుతో వస్తుంది. మణికట్లు, చీలమండలు, వేళ్ల కీళ్లు వాస్తాయి. కరోనా తర్వాత ఎక్కువమందికి కండల నొప్పి, నిస్సత్తువ, కొద్ది పనికే అలసట ఉంటాయి. కీళ్ల వాపు తక్కువ. కీలు వాచి, ఎర్రబారి, పొద్దున గంటసేపు పట్టేసినట్టు ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. దానికి వేరే మందులున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే కీలు అంత బాగా నిలుస్తుంది.

కానీ రెండిటిలోనూ మనం పడిన కష్టం ఒకటే. అప్పుడూ నొప్పుల సూదికి వందలు పోసినాం. అప్పుడూ "నటన" అనిపించుకున్నాం. ఆ రెండూ ఈసారి జరగకూడదు.

స్టెరాయిడ్ల సంగతి

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు కరోనాలో ప్రాణాలు కాపాడింది. ఇది అబద్ధం కాదు. 2020 జూన్‌లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరీక్షలో ఆక్సిజన్ అవసరమైన రోగులకు అది మేలు చేసిందని తేలింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ 10 దినాలు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనపడలేదని కూడా అదే పరీక్ష చెప్పింది.

మరి పల్లెల్లో జరిగిందేంది? జ్వరం వస్తే డెక్సా, దగ్గు వస్తే డెక్సా, తగ్గినాక నొప్పులకు మళ్లీ అదే. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో వారాల తరబడి కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. వేసుకున్న దినం ఒళ్లు తేలికయితుంది. అందుకే మోసం తెలియదు. ఎక్కువ దినాలు వాడితే షుగరు పెరుగుతుంది, తొడల కండ, భుజాల కండ నీరసిస్తాయి, ఎముక గుల్లబారుతుంది. అన్నిటికంటే ప్రమాదం, తుంటి ఎముక బంతికి రక్తం అందక ఆ ఎముక చచ్చుబడడం. ముంబయిలో కరోనా తగ్గిన ముగ్గురికి ఇట్లా అయిందని అక్కడి డాక్టర్లు 2021లో ఒక వైద్య పత్రికలో రాసినారు. తొందరగా పట్టుకుంటే మందులతో ఆపవచ్చు. ఆలస్యమైతే తుంటి మార్చే ఆపరేషనే దిక్కు.

కడప జిల్లాలో నాపరాళ్ల పని చేసే ఒక చెల్లెలి సంగతి చెప్తాం, పేరు వద్దు. రెండో అలలో ఆమెకు కరోనా వచ్చింది. ఊర్లో ఇచ్చిన మాత్రలు నెలకు పైగా మింగింది. మూడు నెలలకు గజ్జల్లో నొప్పి మొదలయింది. నడుము నొప్పి అనుకుని కాపడం పెట్టుకుంది. సూదులకు అప్పు చేసింది. కుంటుతూ మీటింగుకు వస్తే పక్కనామె గమనించి సంఘమిత్రకు చెప్పింది. పెద్దాస్పత్రిలో ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు. డాక్టరు ఎంఆర్ఐ తీయించినాక తుంటి దగ్గర దెబ్బ తేలింది. ఇప్పుడు మందుల మీద ఉంది, బరువులు ఎత్తడం మానింది. పూర్తిగా తగ్గుతుందా అంటే డాక్టరు ఇంకా మాట ఇవ్వలేదు. కానీ ఇంకో ఆరు నెలలు ఆ సూదులతోనే గడిపి ఉంటే ఏమయ్యేదో ఆమే చెప్తుంది.

ఇంకో జాగ్రత్త. స్టెరాయిడు చాలా దినాలుగా వాడుతున్నవాళ్లు ఈ మాటలు విని ఒక్కసారిగా ఆపకండి. దాన్ని డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాల. ఇక మామూలు నొప్పుల మాత్రలు. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం.

ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి ఎప్పుడు పోవాల?

ఇవి మీటింగు గోడ మీద రాసి పెట్టుకోండి.

గజ్జల్లో, తుంటిలో నొప్పి వచ్చి కుంటుతుంటే, అందులోనూ స్టెరాయిడ్లు వాడి ఉంటే.
ఒక కాలి పిక్క మాత్రమే వాచి, గట్టిపడి, నొస్తుంటే. అది రక్తం గడ్డ కావచ్చు. దానితో పాటు ఆయాసం, ఎదనొప్పి ఉంటే 108కి ఫోన్ చేయాల.
పాదాల్లో మొదలైన బలహీనత, తిమ్మిరి దినదినానికి పైకి ఎక్కుతుంటే.
ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే.
మూత్రం టీ డికాషన్ రంగులో వస్తుంటే, లేదా మూత్రం మీద అదుపు పోతే.

మిగతా నొప్పులకు మొదట మన పీహెచ్‌సీకే పోదాం. అక్కడినుంచి రాయిస్తే కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, కడప రిమ్స్ ఉన్నాయి. పోయేటప్పుడు కరోనా నాటి చీటీలు, వాడిన మాత్రల అట్టలు అన్నీ తీసుకుపోండి. ఏం మందు వాడినారో తెలియకుంటే డాక్టరు చీకట్లో వెతుక్కోవాల్సి వస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మరిచిపోవద్దు.

ఇంట్లో చేసుకోవాల్సినవి

మొదటిది, పనిని పంచుకోవడం. ఒంట్లో బాగున్న దినం అన్ని పనులూ ఒక్కసారే చేసి, మర్నాడు రెండు దినాలు పడుకోవడం ఈ జబ్బులో చాలామంది చేసేది. అట్లా చేస్తే ఇంకా వెనక్కి పోతాం. పది బిందెలు తేవాల్నంటే పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు, మిగతా రెండు ఇంట్లో మగపిల్లోడు తేవాల. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. కసువు ఊడ్చేది, అంట్లు తోమేది, బట్టలు ఉతికేది ఒకే పూట పెట్టుకోవద్దు. అలుపు వచ్చినాక కూర్చోవడం కాదు, అలుపు రాకముందే కూర్చోవాల.

రెండోది, కదలిక. పూర్తిగా పడుకుంటే కండ రాదు. మెల్లగా పెంచాల. మంచం అంచున లేదా అరుగు మీద కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. మొదట ఐదు సార్లు, పూటకు ఒకసారి. గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం. భుజం పట్టేసినవాళ్లు గోడ మీద వేళ్లతో పాకుతూ చేయి పైకి తీసుకుపోవడం. వేళ్లు పట్టేసినవాళ్లు గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి తడిగుడ్డ పిండడం. వారం దినాలు ఇబ్బంది లేకుంటే రెండు సార్లు పెంచండి. మర్నాడు నొప్పి, అలసట ఎక్కువయితే తగ్గించండి. ఎద ఉబ్బసంగా ఉన్నా, గుండె దడ వచ్చినా ఆపి డాక్టరును అడగండి. తుంటి నొప్పి ఉన్నవాళ్లు పరీక్ష అయ్యేదాకా ఇవేవీ మొదలుపెట్టవద్దు.

మూడోది, తిండి. కరిగిన కండ మళ్లీ రావాలంటే మాంసకృత్తులు కావాల. అవి డబ్బాల్లో కొనే పొడిలోనే లేవు. మన చేలోనే ఉన్నాయి. కందిపప్పు, శనగలు, ఉలవలు, బుడ్డలు, కోడిగుడ్డు, పాలు, పెరుగు. రాగిసంగటిలోకి ఆకుకూర పప్పు ఉంటే అంతకంటే మంచి భోజనం లేదు. కష్టమంతా ఎక్కడుందంటే, పప్పు అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది మనం తింటాం. గుడ్డు మగపిల్లోనికి, పాలు టీకి పోతాయి. బాలింతకు పథ్యం పెట్టినట్టు జ్వరం నుంచి లేచిన ఆడమనిషికి కూడా మూడు నెలలు గిన్నెలో ముందు పెట్టాల.

సంఘం ఏం చేయాల?

ఇక అసలు కష్టమైన సంగతికి వస్తున్నాం. కర్నూలు జిల్లా పడమటి ఊర్ల నుంచి ఏటా గుంటూరు మిరపకాయల కోతకు సుగ్గికి పోతారు. అట్లాంటి ఒక ఊర్లో ఒక అక్క కరోనా తర్వాత సుగ్గికి పోలేకపోయింది. ఆ దుడ్లతోనే ఏటా కంతులు కట్టేది. మూడు కంతులు ఆగినాయి. ఉపాధి పనికి పోతే అక్కడ కొలతల లెక్క. గుంత తక్కువయితే గ్రూపు అందరికీ కూలి తగ్గుతుంది. 2021-22లో ఉపాధి కూలి దినానికి 245 రూపాయలు. ఆమె వల్ల తమకు అది కూడా రావడం లేదని గ్రూపువాళ్లు ఆమెను రావద్దన్నారు. సంఘంలో తొమ్మిది మంది ఒక పక్క, ఆమె ఒక పక్క అయినారు. "నీ కంతు వల్ల మాకందరికీ బ్యాంకు లోను ఆగుతాది" అన్నారు.

వాళ్ల మాటలో న్యాయం లేదని మేము అనలేం. ఒకరి బాకీకి అందరం పూచీ. కానీ ఆ అక్క మాటలోనూ న్యాయం ఉంది. రెండు దినాలు కూర్చుని మాట్లాడినాం. చివరికి సంఘం అంతర్గత నిధి నుంచి రెండు కంతులు సర్దినారు, మిగతాది చిన్న కంతులుగా మార్చినారు. ఇద్దరు సభ్యులు ఆమె వెంట ఆస్పత్రికి పోయినారు. రక్తం చాలా తక్కువ ఉందని, థైరాయిడు ఉందని తేలింది. ఉపాధి పని దగ్గర కూడా ఒక దారి దొరికింది. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది చిన్న పిల్లలు పనిచోట ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలని ఉపాధి హామీ చట్టంలోనే ఉంది. తాగునీళ్లు, నీడ కూడా ఉండాల్సిందే. ఆ పని ఆమెకు ఇప్పించినారు. ఈ ఏడాది కూడా ఆమె సుగ్గికి పోలేదు. కానీ కంతు మాత్రం ఆగలేదు, సంఘం చీలలేదు.

దీన్ని బట్టి ఉపసంఘం ఐదు తీర్మానాలు మీ ముందు పెడుతోంది.

1. ప్రతి నెల మీటింగులో కంతుల లెక్కకు ముందు పది నిమిషాలు ఆరోగ్యం మాట్లాడాల. ఎవరు కుంటుతున్నారు, ఎవరు రాలేదు అని చూడాల.
2. ఒంట్లో బాగాలేక మీటింగుకు రాని సభ్యురాలికి జరిమానా వేయకూడదు.
3. నొప్పుల వల్ల కంతు ఆగితే నోటీసుకు ముందు ఇంటికి మనిషి పోవాల. వాయిదా, చిన్న కంతుల సంగతి గ్రామైక్య సంఘంలో తేల్చాల.
4. ఆస్పత్రికి ఒంటరిగా పంపకూడదు. ఇద్దరు సభ్యులు వెంట పోవాల, చార్జీలు సంఘం చూసుకోవాల.
5. ఉపాధి పనిలో పిల్లలను చూసేది, నీళ్లు పోసేది మొదట ఇట్లాంటి అక్కలకే అడగాల.

ఇందులో ప్రభుత్వం నుంచి కొత్తగా రావాల్సిన జీవో ఏమీ లేదు. అన్నీ మన చేతిలోనివే. దినానికి ఒక రూపాయి దాచడంతో మొదలుపెట్టి బ్యాంకు మేనేజరు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాకా వచ్చినాం. రూపాయి దాచుకోవడం నేర్చుకున్నట్టే ఒంట్లో సత్తువ దాచుకోవడం కూడా నేర్చుకోవాల. ఒకే దినం అంతా ఖర్చు పెట్టేస్తే రేపటికి ఏమీ ఉండదు.

తీర్మానాలకు ఒప్పుకునే గ్రామైక్య సంఘాలు చేతులెత్తమని అధ్యక్షురాలిని అడగమని కోరుతున్నాం. భుజం నొప్పితో చేయి పైకి లేవని అక్కలు కూర్చున్న చోటనుంచే నోటితో చెప్తే చాలు, రాసుకుంటాం.